ఒండ్రు కింద గుల్లలు

తెలుగులో 'గుల్ల' అన్న మాటకు రెండర్థాలున్నాయి. జలచరం కట్టుకున్న ఇల్లూ గుల్లే, లోపలి సారమంతా పోయి డొల్లగా మిగిలినదీ గుల్లే. 'ఇల్లు గుల్లయింది', 'ఒళ్ళు గుల్లయింది' అనేటప్పుడు మన మనసులో ఉండేది రెండో అర్థం. సముద్రపొడ్డున ఏరుకునే చిప్పల్లో ఈ రెండర్థాలూ ఒకచోట కలుస్తాయి. అవి ఒకప్పటి కాపురాలు, ఇప్పుడు ఖాళీ కొంపలు. ఆ ఖాళీ కొంపల్ని లెక్కపెట్టి, ఎవరు ఎప్పుడు ఖాళీ చేశారో తేల్చి, ఊరు ఎందుకు పాడుబడిందో ఊహించే శాస్త్రం ఒకటుందని నాకు తెలిసి కొన్నేళ్ళే అయింది. అది తెలిశాక నేనున్న చోటును నేను చూసే తీరు మారింది. ఆ సంగతి చెప్పాలనే ఈ టపా.

నేను ఇరవయ్యేళ్ళకు పైగా దక్షిణ కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలెస్‌కు కాస్త దిగువన, సముద్రానికి దగ్గరలోనే ఉంటున్నాను. ఇక్కడి తీరం ఒక్కసారిగా లోతులోకి పడిపోదు. కొన్ని మైళ్ళ మేర ఇంటిముందు అరుగులాగా సాగి, ఆ అంచు దాటాక అగాధంలోకి దిగుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని కాంటినెంటల్ షెల్ఫ్ అంటారు, నాకు అరుగు అన్న మాటే బాగుంది. సుమారు 20,000 ఏళ్ళ క్రితం, మంచుయుగం ముదిరిన కాలంలో, ప్రపంచమంతటా సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దిగువన ఉండేది. అప్పుడీ అరుగులో చాలాభాగం పొడినేల. మంచు కరిగేకొద్దీ నీరు మెల్లమెల్లగా పైకెక్కి అరుగును ముంచేసింది. అంటే ఈ సముద్రపు అడుగు ఎన్నడూ స్థిరంగా లేదు, మనిషి ప్రమేయం లేకుండానే ఎన్నో మార్పులు చూసింది. ఈ మాట ముందే చెప్పడానికి కారణముంది. ప్రకృతి తెచ్చిన మార్పు ఏది, మనం తెచ్చిన మార్పు ఏది అన్న ప్రశ్న దగ్గరే ఈ కథంతా నడుస్తుంది.

ఈ అరుగు మీద ఇప్పుడున్నది చాలామటుకు బురద. ఆ బురదను తిని అందులోని సారాన్ని పీల్చుకునే పురుగులు, చిన్న చిన్న ఆల్చిప్పలు అక్కడి ప్రజలు. ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం మన మురుగునీరే. నగరాల మురుగును శుద్ధిచేసి సముద్రంలోకి వదిలే సంస్థలు, దాని ప్రభావాన్ని గమనించడానికి పడవల మీద వెళ్ళి, ఇనుప దవడల్లాంటి పరికరాన్ని తాడుతో దించి, అడుగు మట్టిని గుప్పెడు గుప్పెడుగా పైకి లాగుతాయి. అందులో బతికున్న ప్రాణుల్ని జల్లెడపట్టి లెక్కిస్తారు. ఆ జల్లెడలో బతికినవాటితో పాటు చచ్చినవాటి గుల్లలు కూడా మిగులుతాయి. లెక్క మాత్రం బతికినవాటిదే.

ఆ గుల్లల్ని లెక్కలోకి తీసుకున్నవాళ్ళలో ముఖ్యులు షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన సూజన్ కిడ్‌వెల్, స్లొవాకియా సైన్స్ అకాడమీకి చెందిన ఆడమ్ టొమాషోవిచ్. 2017లో వారిద్దరూ కలిసి ప్రచురించిన పరిశోధన వ్యాసం సారాంశం ఇది. ఇప్పుడు బురదగా ఉన్న ఈ అరుగు మీద బ్రాకియోపోడ్ల గుల్లలు, స్కాలప్ అనే విసనకర్ర ఆకారపు చిప్పలు విస్తారంగా దొరుకుతున్నాయి. గుల్లలు అన్ని ఉన్నా బతికున్నది ఒక్కటీ లేదు.

బ్రాకియోపోడ్ గురించి రెండు మాటలు చెప్పాలి. చూడ్డానికి ఆల్చిప్పలాగే ఉంటుంది గానీ ఆ కులం కాదు. ఆల్చిప్పకు రెండు చిప్పలూ కుడిఎడమల కవచాలైతే, దీనికి పైదొకటి, కిందిదొకటి. ఇంగ్లీషువాళ్ళు దీనికి దీపపు చిప్ప అని పేరు పెట్టారు, పాతకాలపు రోమన్ నూనెదీపంలా ఉంటుందని. మనవాళ్ళు చూసి ఉంటే ప్రమిద అనేవారు. యాభై కోట్ల ఏళ్ళకు పైబడిన వంశం. పాతిక కోట్ల ఏళ్ళ క్రితం భూమ్మీది జీవరాశిలో అత్యధిక భాగం తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఈ వంశమూ చాలామటుకు పోయింది, మిగిలిన కొద్దిమంది వారసులే నేటికీ ఉన్నారు. ఈ అరుగు మీద బతికిన రకం పేరు లాక్వియస్. ఒక చిన్న కాడతో గట్టివస్తువును పట్టుకుని వేలాడుతూ, నీటిని వడగట్టి అందులోని సూక్ష్మాహారాన్ని తింటుంది. దానికి కావలసినవి రెండే: పట్టుకోవడానికి గట్టి ఆధారం, వడగట్టడానికి తేటనీరు. రాతినేల లేనిచోట ఆ ఆధారం ఎక్కడ దొరుకుతుంది? తమకంటే ముందు బతికి చచ్చినవాటి గుల్లల మీదే. తాతల కొంపల మీద మనవలు కాపురం పెట్టినట్టు, గుల్లల మీద గుల్లలుగా ఆ ఊరు నిలిచింది.

మరి అవి ఎప్పుడు చచ్చిపోయాయో ఎలా తెలుసుకున్నారు? నాకు అన్నిటికంటే అబ్బురమనిపించింది ఇదే. జీవుల శరీరంలో మాంసకృత్తులను కట్టే అమైనో ఆమ్లాలకు చేతివాటం ఉంటుంది. బతికున్నంతకాలం దాదాపు అన్నీ ఎడమచేతివాటానివే. ప్రాణం పోయాక, ఎవరూ అదుపు చేసేవారు లేక, అవి ఒక్కొక్కటిగా కుడిచేతివాటానికి తిరుగుతాయి. గుల్లలో చిక్కుకున్న ఆమ్లాల్లో ఎన్ని తిరిగాయో కొలిస్తే అది చచ్చి ఎంతకాలమైందో అంచనా కట్టవచ్చు. ఆ అంచనాను సరిచూసుకోవడానికి కొన్ని గుల్లలకు రేడియోకార్బన్ పరీక్ష కూడా చేస్తారు. అలా 190 బ్రాకియోపోడ్ గుల్లల వయసు కట్టారు. ఒకే గుప్పెడు మట్టిలో నూటయాభై ఏళ్ళ గుల్ల పక్కనే మూడువేల ఏళ్ళ గుల్ల ఉండవచ్చు. నేల మీద తవ్వకాల్లో పొరలు పొరలుగా దొరికే కాలం, అక్కడ కలగాపులగంగా ఉంటుంది. ఒక్కోదాన్ని విడిగా పిలిచి వయసు అడగవలసిందే.

అవి చెప్పిన జవాబు మూడు ముక్కల్లో తేలింది. కనీసం 4,000 ఏళ్ళపాటు ఆ ఊరు ఎడతెగకుండా బతికింది. పందొమ్మిదో శతాబ్దంలో జనం నిట్టనిలువున తగ్గిపోయారు. గత వందేళ్ళలో ప్రధాన భూభాగపు అరుగు మీద ఒక్క కొత్త గుల్ల కూడా పుట్టలేదు. ఇప్పుడా జాతి మిగిలింది అరుగు చివరి అంచున ఉన్న రాళ్ళమీద, తీరానికి దూరంగా ఉన్న దీవుల చుట్టూ ఇసుక ఎక్కువగా ఉండేచోట.

నాలుగువేల ఏళ్ళంటే చిన్నకాలం కాదు. ఆ కాలంలో కాలిఫోర్నియా దశాబ్దాల కొద్దీ సాగిన కరువులు చూసింది, ఎల్ నీన్యో వరదలు చూసింది, సముద్రం వేడెక్కడం, చల్లబడడం చూసింది. ఇవన్నీ ప్రకృతి పెట్టిన పరీక్షలు. ఒక్కదానికీ ఆ ఊరు ఖాళీ కాలేదు. నాలుగువేల ఏళ్ళు తట్టుకున్నది వందేళ్ళలో పోయిందంటే, ఆ వందేళ్ళలో అంతకుముందెన్నడూ లేనిదేదో జరిగి ఉండాలి.

సహజంగా మొదటి అనుమానం లాస్ ఏంజెలెస్ మీదికే పోతుంది. కానీ తేదీలు కలవవు. 1850 జనాభా లెక్కల్లో ఆ ఊళ్ళో ఉన్నది 1,610 మంది. మహానగరం, మురుగు గొట్టాలు, అడుగు గీరే చేపలవలలు, భూతాపం, అన్నీ ఇరవయ్యో శతాబ్దపువి. అవి వచ్చేసరికే ఆ ఊరు పోయింది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ విపరీతంగా పెరిగినవి పశువులు. 1769లో స్పెయిన్ మతబోధకులు శాన్ డియేగోలో మొదటి మిషన్ కట్టినప్పుడు వాళ్ళ వెంట పశువులూ వచ్చాయి. 1830ల్లో మిషన్ల భూములు చేతులు మారి పెద్ద పెద్ద పశుక్షేత్రాలయ్యాయి. తోళ్ళు, కొవ్వు అమ్ముకోవడమే ఇక్కడి వ్యాపారం. ఎండిన ఆవుతోలును 'కాలిఫోర్నియా బ్యాంకునోటు' అనేవారట. 1848 తర్వాత బంగారం కోసం వచ్చిపడిన జనానికి మాంసం కావలసి వచ్చి మందలు ఇంకా పెరిగాయి. గడ్డి వేళ్ళతో సహా పోయిన నేలను ఈ దేశపు శీతాకాలపు జడివానలు కోసుకుపోయాయి. లాస్ ఏంజెలెస్, శాన్ గాబ్రియెల్, శాంటా ఆనా నదులు ఆ మట్టిని మోసుకొచ్చి అరుగు మీద దించాయి. సన్నని మట్టి తేటనీటిని మురికిచేసింది, పాత గుల్లల్ని కప్పేసింది. పట్టుకోవడానికి గుల్ల లేనప్పుడు పిల్ల బ్రాకియోపోడ్ ఎక్కడ నిలుస్తుంది? ఒక తరం గుల్లలు కప్పబడితే తర్వాతి తరానికి ఇల్లే లేదు. ఆ పరిశోధకులు ఎక్కువగా వేలు చూపినది ఈ మేత మీదికే.

మా నాన్నగారు 2018లో మా దగ్గరికొచ్చి ఆరునెలలున్నారు. గోదావరి కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా పూడికతోనే గడిచింది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మేటలు తీయించడం, లాకుల దగ్గర దిగిన ఒండ్రును ఎత్తించడం ఆయన పని. ఒక సాయంత్రం సముద్రపొడ్డున కూర్చుని ఈ కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. మట్టి భాగం ఆయనకు వెంటనే బోధపడింది.

"పరిగెత్తే నీరు మట్టిని మోస్తుందమ్మా, నిలబడ్డ నీరు దించేస్తుంది. అదే ఒండ్రు పొలంలో పడితే బంగారం, కాలవలో పడితే జబ్బు. సముద్రంలో కూడా దించుకోవడానికి దానికో చోటు కావాలిగా," అన్నారు.

పశువుల భాగం మాత్రం ఆయనకు రుచించలేదు. ఆవుల మధ్య పెరిగినాయన.

"చివరికి గొడ్లమీద పెట్టారా నేరం?"

"గొడ్లమీద కాదు నాన్నగారూ, మందలమీద. అన్నేసి వేలు ఒకేచోట మేస్తే..."

"మంద తనంతట తాను పెరగదమ్మా. తోలు కొనేవాడుండబట్టి పెరిగింది. ఆ తోళ్ళు ఎక్కడికి పోయేవి?"

ఓడల్లో దక్షిణ అమెరికా కొస చుట్టి బోస్టన్‌కు పోయేవని, అక్కడ చెప్పులు కుట్టేవారని చెప్పాను. ఆ ఓడల్లో పనిచేసిన రిచర్డ్ హెన్రీ డేనా 1840లో ఒక పుస్తకమే రాశాడు. ఆయన కాసేపు ఊరుకుని, "అయితే ఈ చిప్పలు చచ్చింది బోస్టన్ వాళ్ళ కాళ్ళకింద," అన్నారు.

నేను చదివిన వ్యాసంలో ఈ మాట లేదు, కానీ దాని తర్వాతి వాక్యం ఇదే అయి ఉండాలని నాకనిపించింది. మట్టి ఎక్కడ కోసుకుపోయిందో, ఆ మట్టి ఎక్కడ దిగిందో, ఆ లాభం ఎక్కడ తేలిందో మూడూ మూడు చోట్లు. లాభం తిన్నవాడు నష్టం జరిగిన చోటును కళ్ళతో చూడనే చూడడు.

నా విషయంలోనూ అంతే. మా కుళాయిలో వచ్చే నీటిలో కొంత వందల మైళ్ళ అవతల ఉన్న కొలరాడో నదిది. ఆ నది సహజంగా మెక్సికోలో కాలిఫోర్నియా సింధుశాఖలోకి చేరాలి. 1930ల్లో హూవర్ ఆనకట్ట కట్టిన తర్వాత, ఒకదాని వెనక ఒకటిగా పైన ఆనకట్టలూ కాలువలూ లేచి, చాలా ఏళ్ళుగా ఆ నది సముద్రం ముఖమే చూడడం లేదు. 2014 వసంతంలో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని కొంత నీరు వదిలితే, కొద్దికాలంపాటు సముద్రాన్ని తాకింది. అక్కడి డెల్టా ఒడ్డున తెల్లటి గుట్టలున్నాయి. ఇసుక కాదు, గుల్లలు. మిహావ్ కొవలెవ్‌స్కీ, ఆయన సహచరులు వాటిని కొలిచి 2000లో లెక్క ప్రకటించారు. గత వెయ్యేళ్ళలో ఆ డెల్టాలో పుట్టి చచ్చిన ఆల్చిప్పల గుల్లలు తక్కువలో తక్కువ రెండు లక్షల కోట్లు. నది పారే రోజుల్లో ఏ సమయంలో చూసినా చదరపు మీటరుకు 50 చొప్పున సుమారు 600 కోట్ల ఆల్చిప్పలు బతికి ఉండేవి. వాళ్ళు లెక్కించేనాటికి చదరపు మీటరుకు మూడు. అంటే 94 శాతం పోయాయి. ఆ నేలను ఏలిన మ్యులీనియా అనే ఆల్చిప్ప ఇప్పుడక్కడ అరుదు. నది తెచ్చే తీపినీరు, ఆ నీటితో వచ్చే పోషకాలు ఆగిపోవడమే దానికి శాపమైంది.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలా రోజులు ఆలోచించాను. ఒకచోట నది మోయకూడనంత మట్టి మోసుకొచ్చి చంపింది. ఇంకోచోట నది రాకపోవడమే చంపింది. కాబట్టి 'నదిని ఇలా చేస్తే మంచిది' అని అన్నిచోట్లకూ ఒకే సూత్రం చెప్పలేం. అక్కడి ప్రాణులు వేల ఏళ్ళుగా దేనికి అలవాటుపడ్డాయో ముందు తెలియాలి. అది తెలిసేది గుల్లల వల్లే.

మనిషి చేసిందంతా తిరిగిరానిదని నేననడం లేదు. ఇక్కడికి దగ్గర్లోనే పాలోస్ వెర్డెస్ అనే కొండకొమ్ము ఉంది. 1937 నుంచి దాని ముందున్న అరుగు మీదికి మురుగు వదలసాగారు. దాంతో పాటు దశాబ్దాల తరబడి డీడీటీ కూడా చేరింది. మురుగు ఎక్కువగా పడినచోట మామూలు ఆల్చిప్పలు తగ్గి, గంధకపు కంపు కొట్టే మట్టిలో సూక్ష్మజీవుల సాయంతో బతకగల పార్విలూసినా అనే చిన్నరకం విజృంభించింది. 1972లో నీటి కాలుష్యంపై కొత్త చట్టం వచ్చింది, శుద్ధి మెరుగైంది, సముద్రంలోకి పోయే చెత్త బాగా తగ్గింది. ఆ తర్వాత అక్కడి సమాజం మెల్లగా కోలుకుంటూ వచ్చింది. డీడీటీ మాత్రం ఇంకా మట్టిలోనే ఉంది. ఈ చరిత్ర కూడా మట్టిని నిలువుగా కోసి తీసి, అందులోని గుల్లల్ని చదివే తెలుసుకున్నారు.

అయితే ఆ కోలుకోవడాన్ని దేనితో పోల్చి చూడాలి? శాస్త్రజ్ఞులు ఇరవయ్యో శతాబ్దంలో ఈ అరుగును మొదటిసారి పరిశీలించేనాటికే బ్రాకియోపోడ్లు లేవు. వాళ్ళు చూసింది బురద, కాబట్టి ఈ సముద్రం ఎప్పుడూ బురదేననుకున్నారు. చేపల లెక్కలు కట్టే డేనియల్ పౌలీ 1995లో ఈ తీరుకు ఒక పేరు పెట్టాడు. ప్రతి తరమూ తాను కళ్ళు తెరిచిన నాటి ప్రపంచాన్నే అసలు ప్రపంచమనుకుని, అక్కడినుంచి తరుగును కొలుస్తుందన్నాడు. కొలబద్ద మొదటి గీతే తరం తరానికీ కిందికి జారిపోతుంది. తరుగు ఎప్పుడూ కొంచెంగానే కనిపిస్తుంది.

ఆ సాయంత్రం నాన్నగారు కూడా వాళ్ళ చిన్ననాటి సంగతి చెప్పారు. కోరంగి వైపు ఏటిమొగల్లో గుల్లలు ఏరి, పడవలకెత్తి, సున్నపు బట్టీలకు తీసుకుపోయేవారట. ఆ గుల్లసున్నంతోనే వాళ్ళింటి గోడలు, ఆ సున్నమే మా నాయనమ్మ తమలపాకులకు. "నేను చూసినదానికి రెండింతలుండేవని మా నాన్న అనేవాడు. ఆయన చెప్పిన ఏరు నేను చూడలేదు. నేను చూసిన ఏరు నువ్వు చూడలేదు," అన్నారు. నిజమే. నాకు కాకినాడ సముద్రమంటే నేను ఊరు విడిచిన ఏటి సముద్రమే. విదేశంలో ఉండేవాళ్ళలో చాలామంది ఇలాగే ఒక సంవత్సరం దగ్గర ఊరిని ఆపేసుకుని, అదే అసలు ఊరని పిల్లలకు చెబుతుంటాం. మా అబ్బాయికి ఈ బురద అరుగే సముద్రం. వాడి కొలబద్ద ఇక్కడ మొదలవుతుంది.

2021 మే నెలలో నాన్నగారు పోయారు. విమానాలు లేని రోజులు, వెళ్ళలేకపోయాను. ఆయన పోయాక నన్ను పట్టి కుదిపిన ఆలోచనల్లో ఒకటి చిత్రమైనది. ఆ ఏటిమొగలో గుల్లలు ఎంత లోతున ఉండేవి, ఏ నెలల్లో ఏరేవారు, ఏ వరద తర్వాత తగ్గాయి అన్నవి తెలిసిన మనిషి మా ఇంట్లో ఇక లేడు. బ్రాకియోపోడ్ల ఊరు పోయినా గుల్లలు మిగిలాయి గనక రెండువందల ఏళ్ళ తర్వాతైనా ఎవరో వచ్చి అడగగలిగారు. మనిషికి గుల్ల మిగలదు. అతను చెప్పింది ఎవరైనా రాసిపెట్టుకుంటే అదొక్కటే మిగులుతుంది.

నాన్నగారు ఆ ఆరునెలల్లో చెప్పినవి నా దగ్గర ఒక నోటుపుస్తకంలో పదకొండు పేజీలున్నాయి. కాలువల పేర్లు, లాకుల దగ్గర పూడిక లోతులు, తాను చూసిన వరదల సంవత్సరాలు, ఏ చేప ఏ నెలలో కాలువ ఎక్కేదో. కొన్నిచోట్ల సంవత్సరం పక్కన ప్రశ్నార్థకం ఉంది, ఆయనే పెట్టించారు. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటిగా టైపు చేస్తున్నాను. మీ ఇంట్లో ఇంకా అడగదగ్గ పెద్దవాళ్ళుంటే, మీ ఊరి చెరువో, ఏరో, సముద్రమో వాళ్ళ చిన్నప్పుడు ఎలా ఉండేదో అడిగి రాసిపెట్టండి. 'ఒకప్పుడు చాలా బాగుండేది' అన్న మాటతో తృప్తిపడకండి. ఏ సంవత్సరం, ఎంత లోతు, ఏ గుల్ల, ఏ చేప, ఎన్ని బుట్టలు అని అడగండి. వాళ్ళు విసుక్కుంటారు. అయినా అడగండి.